చింతపండు నీళ్ళలో నాయనమ్మ గొంతు

నిన్న మా కళాశాలలో ఆయుధపూజ జరిగింది. దసరా సెలవులు ఇవ్వడానికి ముందురోజు కంప్యూటరు గదిని శుభ్రంగా తుడిపించి, గుమ్మానికి మామిడాకులు కట్టి, వరసగా ఉన్న యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. నేను తెలుగు ఉపన్యాసకురాలిని. ఆ గదితో నాకు నిజానికి పనేమీ లేదు. ప్రసాదానికి పిలిచారు కనుక వెళ్ళాను. మా అటెండరు ఎడమచేత్తో ఇత్తడి చెంబు పట్టుకుని, అందులోని పసుపు నీళ్ళను మామిడి రెమ్మతో ఒక్కొక్క యంత్రం మీదా చిలకరించబోతున్నాడు. ఆకు అంచున వేలాడుతున్న ఒక చుక్క నా కంటపడింది. "ఆగండి!" అని అరిచాను. విజయనగరంలో ఉద్యోగంలో చేరినప్పటినుంచి నేను గొంతెత్తి మాట్లాడగా ఎవరూ విని ఉండరు. ప్రిన్సిపాల్ గారు నోటిదాకా తెచ్చిన లడ్డూను ఆపి, "ఏమ్మా, షాక్ కొట్టిందా?" అని అడిగారు. అటెండరు కొంచెం చిన్నబుచ్చుకుని, "కరెంటు తీసేసినాం మేడమ్. ఒక్క సుక్కకేటైపోతాది?" అన్నాడు. ఒక్క చుక్కకు ఏమీ కాదు. ఆ సంగతి నాకూ తెలుసు. క్షమించమని చెప్పి, లడ్డూ తీసుకుని బయటికి వచ్చేశాను. మెట్ల మీద నిలబడి చూసుకుంటే నా అరచెయ్యి తడిగా ఉంది. అది చెమటే. కానీ ఆ తడి నన్ను సరాసరి మా ఇంటి వీధిగదిలోకి, ఒక దసరా నాటి మధ్యాహ్నంలోకి తీసుకుపోయింది.

మాది కోటబొమ్మాళికి దగ్గరలోని ఒక చిన్న ఊరు. వరి, గట్టున్నచోట కంది, మెట్టలో నువ్వులు, ఇవి తప్ప మా ఇంట్లో ఎవరికీ మరో విద్య తెలియదు. డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. అందువల్ల నేను చేసే పని ఏమిటో మా నాన్నకు అర్థం చేయించడం ఎప్పుడూ కొంచెం కష్టంగానే ఉండేది. ఆయన దృష్టిలో ప్రతి మనిషికీ ఒక పని ఉంటుంది, ప్రతి పనికీ ఒక పనిముట్టు ఉంటుంది, ఆ పనిముట్టును ఏడాదికోసారి కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెట్టుకోకపోతే మనిషి కృతఘ్నుడవుతాడు. దసరానాడు మా ఇంట్లో నాగలి కర్రు, కొడవళ్ళు, పార, గునపం, అమ్మ కత్తిపీట, చివరికి సైకిలు కూడా నూతి దగ్గరికి చేరేవి. వాటితోపాటు నా పలక కూడా. బొగ్గు, ఆకుపసరు వేసి నాన్న ఆ పలకను ఎంత నల్లగా తోమేవాడంటే, బడిలో మరెవరి పలకా దాని ముందు నిలిచేది కాదు. నేను పై తరగతులకు వెళ్ళాక పలక స్థానంలోకి కలం వచ్చింది. దాన్ని విప్పి, గోరువెచ్చటి నీళ్ళలో వేసి, పాళీని అంగవస్త్రం కొసతో తుడిచి మళ్ళీ బిగించేవాడు. పూజ పీట మీద కొడవలికీ కర్రుకూ మధ్య నా కలం పడుకుని ఉండేది. నాకు ఆ దృశ్యం చూస్తే కొంచెం నవ్వు, కొంచెం గర్వం కలిగేవి.

ఇక నాయనమ్మ సంగతి. వరినాట్లను మా వైపు ఉభాలంటారు. ఉభాలకు దిగిన ఆడవాళ్ళ జట్టులో ఒకరు పాట ఎత్తుకుంటే, మిగిలినవాళ్ళు అందుకుంటారు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పాట ఎత్తుకునే మనిషి మా నాయనమ్మ. సన్నగా, పొట్టిగా, ముక్కుకు నత్తుతో, ఎప్పుడూ ఎవరో ఒకరిని వెక్కిరిస్తూ ఉండేది. ఆమెకు మంచి కంఠం ఉందని నేను చెప్పలేను. కొంచెం గరగరలాడే గొంతు. కానీ మూడు మడుల అవతల పనిచేస్తున్నవాళ్ళకు కూడా మాట మాటా తెలిసేలా వినబడేది. విశ్వవిద్యాలయంలో పరిశోధనకు విషయం ఎంచుకోమన్నప్పుడు నేను క్షణమైనా ఆలోచించలేదు. "ఉభాల పాటలు" అన్నాను. మా ఇంట్లో ఈ వార్త విన్న నాయనమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుని, "ఓలమ్మో, నాను బురదలో ఒంగి పాడింది నువ్వు కుర్సీలో కూకుని సదువుతావా? దానికి గవుర్మెంటు నీకు జీతమిస్తాదా? మరి నాకేటిస్తాది?" అని అడిగింది.

ఆమె పాటలను నేను రెండు ఉభాల కాలాల్లో రికార్డు చేశాను. మడిలో వంగి ఉండగా కొన్ని, అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఉండగా కొన్ని. పాటకూ పాటకూ మధ్య ఆమె చెప్పిన కబుర్లు, తిట్లు, దగ్గు, కోడిని తోలిన అదిలింపులు, అన్నీ అందులో ఉన్నాయి. వాటికి నేను ఎంతో పద్ధతిగా పేర్లు పెట్టాను: పాట మొదటి పాదం, పాడిన చోటు, నెల. పాటల మాటలు నా సిద్ధాంత వ్యాసంలో అచ్చయ్యాయి. రికార్డరు విశ్వవిద్యాలయానిది, తిరిగి ఇచ్చేశాను. పాత లాప్‌టాప్ మరమ్మతుకు లొంగకుండా పోయేముందు అందులోని ఫైళ్ళన్నీ ఒక హార్డ్ డిస్కులోకి మార్చాను. అరచేతిలో ఇమిడే వెండిరంగు లోహపు పెట్టె. మరో ప్రతి తీసి పెట్టాలని అనుకుంటూనే ఉన్నాను. వానాకాలం వచ్చే ముందు ఇంటి పెంకులు సర్దాలని మా ఊళ్ళో అందరూ అనుకుంటూ ఉన్నట్టే.

ఆ రికార్డుల్లో ఒకచోట, అరుగు మీద కూర్చున్నప్పటి మాటల్లో, నాయనమ్మ చెప్పిన ఒక సంగతి ఉంది. పాట చివరి పాదం దగ్గర ఆమె గొంతు ఒక్కసారిగా పైకెత్తి, ఆఖరి అక్షరాన్ని చాలాసేపు సాగదీసేది. జట్టులో మరెవరూ అలా పాడరు. ఎందుకలా అని పరిశోధకురాలిగా అడిగాను. ఆమె చుట్ట నోట్లోంచి తీసి, గొంతు తగ్గించి చెప్పింది. "నీ అయ్యని గట్టు మీద తుమ్మకొమ్మకి సీర ఉయ్యాల కట్టి అందులో ఏసి మడిలో దిగీదాన్ని. ఎనక్కి ఎనక్కి నడుస్తా నారు ఉడుస్తాం గదా, గట్టు దూరమైపోతాది. ఈడు ఏడిస్తే ఎల్లనిచ్చీవోళ్ళా మరి? అందుకని పాట సివర్న గొంతెత్తీదాన్ని, ఈడికి ఇనబడతాదని. ఇనబడిందో నేదో, ఊరుకునీవోడు. పెద్దయినాక కూడా నాకదే అలవాటైపోనాది." మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుంటూ, "నీ అయ్యకి సెప్పకే. మీసాలొచ్చినోడు, సిగ్గుపడతాడు" అని నవ్వింది. నేను చెప్పలేదు. ఆయనే ఒకరోజు ఆమె నోటినుంచే వినాలని దాచి ఉంచాను.

మరుసటి వానాకాలం ముగిసే వేళకు నాయనమ్మ చనిపోయింది. కర్మకాండలు ముగిశాక, ఇల్లు కొంచెం తెరిపిన పడ్డాక, నేను నాన్నతో, "నాయనమ్మ పాటలు నా దగ్గరున్నాయి, వింటావా?" అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏడాది ఎల్లనీ అమ్మా. ఇప్పుడు ఇంటే, మనం పిలిసినట్టుంటాది. ఎల్తున్న మనిషి తిరిగి సూస్తాది. ఎల్లనీ." ఇలాంటి నమ్మకాలను గురించి నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం ఉంది, కానీ ఆ క్షణంలో నాన్న ముఖం చూస్తే నాకు ఆ అధ్యాయం గుర్తుకు రాలేదు. ఆ ఏడాది మా ఇంట్లో ఏ పండుగా జరగలేదు. దసరాకు పనిముట్లు నూతి దగ్గరికి వెళ్ళలేదు. కొడవళ్ళు బురదతోనే చూరులో ఉండిపోయాయి. నేను ఇంటికి వచ్చినప్పుడు నాన్న అప్పుడప్పుడు నా గదిలోకి వచ్చి, బల్ల మీదున్న ఆ వెండిరంగు పెట్టెను దూరంనుంచి చూసి వెళ్ళేవాడు. ఒకసారి, "అందులో అమ్మ ఎలగున్నాది?" అని అడిగాడు. పడుకుని ఉందా, కూర్చుని ఉందా అని అడిగినట్టుగా. నేను, "గొంతు మాత్రమే ఉంది నాన్నా" అన్నాను. "గొంతుంటే మనిషున్నట్టే గదా" అని వెళ్ళిపోయాడు.

సంవత్సరీకం జరిగింది. ఆ వెనకనే దసరా వచ్చింది. ఒక పండుగను మధ్యలో వదిలేసినందుకు ఈసారి రెట్టింపుగా చెయ్యాలని నాన్న పట్టుబట్టాడు. పూజ అయిన తరువాత, సాయంత్రం, అందరం కూర్చుని నాయనమ్మ పాటలు వినాలని నిర్ణయమైంది. ఆమె జట్టులోని ముసలమ్మలను మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. లాప్‌టాప్‌లోంచి వచ్చే సన్నటి శబ్దం అంతమందికి చాలదు కనుక, మంచి స్పీకరు తేవడానికి నేను పొద్దున్నే శ్రీకాకుళం వెళ్ళాను. దుకాణంలో ఒక్కొక్కటీ మోగించి చూస్తుంటే, దుకాణదారు విసుక్కుని, "ఏ పాటకండీ ఇది?" అని అడిగాడు. "మా నాయనమ్మ పాటకు" అన్నాను. ఆయన నన్ను ఇంకొకసారి చూసి, అన్నిటికంటే పెద్దది తీసి ఇచ్చాడు.

నేను ఆటో దిగేసరికి మా వీధి అరుగు మీద ముసలమ్మలు అప్పటికే చేరిపోయి, ఆకువక్క నములుతున్నారు. లోపలినుంచి గారెలు వేగుతున్న వాసన వస్తోంది. నా చేతిలో ఉన్న స్పీకరు పెట్టెను చూసి మేనత్త, "ఒలే గుంటా, మా అమ్మని ఆ డబ్బాలో ఇంకా ఎంతసేపు కూకోబెడతావే? బేగి దింపు!" అని కేక వేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే వీధిగదిలోకి వెళ్ళాను.

పీట మీద పసుపు గుడ్డ పరిచి ఉంది. దాని మీద నాగలి కర్రు, కొడవళ్ళు, పార, అన్నీ తళతళలాడుతున్నాయి. కొడవలికీ కర్రుకూ మధ్య, నా కలం ఉండే చోట, ఆ హార్డ్ డిస్కు ఉంది. దానికి నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, పైన ఒక బంతిపువ్వు. అది ఎన్నడూ లేనంతగా మెరుస్తోంది. కొన్ననాడు కూడా అంత మెరుపు లేదు. నాన్న తడి తలతో, ఉతికిన పంచెతో పక్కనే నిలబడి ఉన్నాడు. "సూడమ్మా," అన్నాడు, "నీ పెట్టి ఎలగ మెరుస్తందో."

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. తీగ తగిలించే సందులోంచి, లేత గోధుమరంగు నీటి చుక్క ఒకటి నెమ్మదిగా జారి నా అరచేతిలో పడింది. నేను విశ్వవిద్యాలయంలో చేరినప్పటినుంచి ఇంట్లో కూడా పుస్తకాల మాటే మాట్లాడడం అలవాటు చేసుకున్నదాన్ని. ఆ క్షణంలో నా నోటినుంచి వచ్చిన మాట మాత్రం మా ఊరి మాట.

"నాన్నా, దీన్నేటి సేసినావు?"

"కడిగినాను. దుమ్ము కొట్టుకుపోనాది గదా. కొడవళ్ళతోపాటే సింతపండు నీళ్ళల్లో నానేసి, మెత్తటి గుడ్డతో తోమి, ఎండలో పెట్టినాను. ఒక్క గీత పడనీనేదు, సూడు."

"ఇది కడిగీది కాదు నాన్నా!"

ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అదేటి? నీ పనిముట్టు కాదా అది?"

అది నా పనిముట్టే. పలకను కడిగిన చేతులు, కలాన్ని కడిగిన చేతులు, అంతే శ్రద్ధగా దాన్నీ కడిగాయి. అమ్మ వంటింట్లోంచి గరిటతో వచ్చి, నా ముఖం చూసి, నాన్న ముఖం చూసి, గరిటను అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అరుగు మీదినుంచి మేనత్త, "ఏటే, ఏటైంది? అన్నియ్యా, ఏటి సేసినావు?" అంటూ లోపలికి వచ్చింది. ఎవరో ఒకరు చెప్పవలసి వచ్చింది. నేనే చెప్పాను. నీళ్ళు తగిలాయి కనుక ఇప్పుడు పెట్టకూడదు, ఆరబెట్టి పట్నంలో చూపించాలి, ఈరోజు పాటలు వినడం కుదరదు అని, ఎంత వీలైతే అంత మెల్లగా చెప్పాను. కాసేపటికి ముసలమ్మలు ఒక్కొక్కరే గారెలు కొంగున కట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళల్లో ఒకామె గుమ్మం దగ్గర ఆగి, "అది బతికున్నప్పుడూ ఇంతే. పాడమంటే పాడీది కాదు, వద్దంటే పాడీది" అంది. నాన్న ఆ మాటకు కూడా తలెత్తలేదు.

దసరా సెలవులు అయ్యాక విశాఖపట్నంలో ఇలాంటివి బాగుచేసే ఒక దుకాణానికి వెళ్ళాం. నేను ఒక్కదాన్నే వెళ్తానంటే నాన్న వినలేదు. ఆ పెట్టెను కొత్త తువ్వాలులో చుట్టి, రైల్లో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. దుకాణంలో ఉన్న ఆయన మరలు విప్పి, లోపలికి చూసి, వేలితో కొంచెం గీకి వాసన చూశాడు. "ఎవరండీ దీన్ని పులుసులో వేసింది?" అని అడిగాడు. పక్కబల్ల దగ్గర ఇంకెవరో కిసుక్కున నవ్వారు.

"నానే" అన్నాడు నాన్న. ఆయన చేతులు కట్టుకుని, బళ్ళో పంతులుగారి ముందు నిలబడినట్టు నిలబడి ఉన్నాడు. తరువాత అన్నాడు, "బాబూ, మురికంటే మీదుంటాది. మాట లోపలుంటాది. మీదిది కడిగితే లోపలిది ఎలగ పోనాది?"

ఆ దుకాణదారు నవ్వడం మానేశాడు. లోపల పళ్ళెంలాంటిది ఉంటుందని, దాని మీదే అంతా రాసి ఉంటుందని, పులుపు దానిదాకా వెళ్ళి ఎండలో అక్కడే ఎండిపోయిందని, ఓపికగా చెప్పాడు. "పళ్ళెం మీద రాస్తారా?" అన్నాడు నాన్న. "పలకలాగా?" అవునని ఆయన తలూపాడు. వాళ్ళు దాన్ని చాలా రోజులు ఉంచుకున్నారు, ఇంకా పెద్ద నగరానికి పంపి చూశారు, చివరికి ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి తిరిగి ఇచ్చారు. ఒక్క మాట కూడా రాలేదు.

దాన్ని దుకాణంలో ఇచ్చిన రోజు, తిరుగు రైల్లో, పొందూరు దాటాక కాబోలు, నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే, "అందులో అమ్మ నా గురించి ఏటైనా అన్నాదా?" అని అడిగాడు. అప్పటికి ఆ పెట్టె దుకాణంలోనే ఉంది, ఇంకా కొంచెం ఆశ ఉంది. గట్టు గురించి, ఉయ్యాల గురించి చెప్పబోయాను. కానీ అది చెబితే, తాను పోగొట్టింది ఏమిటో ఆయనకు మరింత స్పష్టంగా తెలుస్తుంది. "బాగైతే నువ్వే విందువుగాని" అన్నాను. ఆయన తలూపి, ఒడిలోని ఖాళీ తువ్వాలును మడత పెట్టుకున్నాడు.

ఆ తరువాతి నెలల్లో నేను శని, ఆదివారాలకు ఇంటికి వెళ్ళినప్పుడు చూసిన విషయం చెప్పడం నాకు కష్టంగా ఉంది. నాన్న నా వస్తువులు ముట్టుకోవడం మానేశాడు. బల్ల మీద నా కాఫీ గ్లాసు ఉంటే, "ఇది తియ్యొచ్చా అమ్మా?" అని అడిగేవాడు. నా పుస్తకం నేలమీద పడితే, చేతులు పంచెకు రెండు మూడుసార్లు తుడుచుకుని, వేళ్ళ కొసలతో ఎత్తి పెట్టేవాడు. ఫోను మోగుతుంటే అమ్మను పిలిచి ఇమ్మనేవాడు. "పెట్టికి నీరు పడదని నాకెవలు సెప్పినారు?" అని ఒక్కసారి మాత్రం, నన్ను కాదు, గోడను అడిగినట్టు అడిగాడు. కోపం వచ్చిన రోజుల్లో నేను ఆ మాటను తలుచుకునేదాన్ని. నాకు కోపం వచ్చింది, చాలా వచ్చింది. కానీ దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, హార్డ్ డిస్కుతో పాటు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంటికి వెళ్ళడం తగ్గించాను. వెళ్ళినా పొడిపొడిగా మాట్లాడేదాన్ని. ఒకసారి మేనత్త నన్ను పట్టుకుని, "ఒలే, నీకు నాయనమ్మ పోనాది. ఆడికి అమ్మ రెండుసార్లు పోనాది. నువ్వు మూతి ముడుసుకుంటే ఆడికేటి దారి?" అంది.

మళ్ళీ ఉభాలు వచ్చాయి. ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. మా మడిలో దిగిన జట్టు వేరే ఊరినుంచి వచ్చింది. వాళ్ళ మేస్త్రి ఫోనును ప్లాస్టిక్ కవరులో పెట్టి గట్టు మీద పాతిన గెడకర్రకు కట్టాడు. అందులోంచి ఏవో పాటలు మోగుతున్నాయి. వాళ్ళు వాటితో గొంతు కలపకుండా చకచకా నాట్లు వేసుకుపోతున్నారు. నేను, నాన్న, మేనత్త గట్టు మీద కూర్చున్నాం. మేనత్తకు అది నచ్చలేదు. "ఇదేటి పాట? దీనికి వరి ఎదుగుతాదా, ఎండిపోతాదా?" అని కాసేపు సణిగి, నా వైపు తిరిగి, "నీ పుస్తకంలో మా అమ్మ పాటలున్నాయన్నావు గదా. సదువు, నాను పాడతాను" అంది. నా సిద్ధాంత వ్యాసం ఫోనులో ఉంది. తెరిచి, నాయనమ్మకు ఇష్టమైన ఒక పాట చదివాను.

"నారు సేతిలోన నవ్విందో, నీరు కాలికాడ నిలిసిందో..."

మేనత్త విని మొహం చిట్లించింది. "అదేటే, సావు కబురు సెప్పినట్టు సదువుతావు? పాటకి పానముండాలి" అని, తానే ఎత్తుకుంది. మడిలో ఉన్న ఆడవాళ్ళు ఒకరిద్దరు తలెత్తి చూశారు. మేస్త్రి కూడా తన ఫోను గొంతు తగ్గించాడు. ఒక పాదం పూర్తయిందో లేదో, నాన్న, "కాదు" అన్నాడు.

"ఏటి కాదు?"

"అమ్మ అలగ అనదు. 'నవ్విందో' కాడ ఆగుతాది. ఆగి, మొలక ఇరిసినట్టు అంటాది."

"ఒహో, పెద్ద బాగవతుడు సెప్పొచ్చాడు! నువ్వు పాడు మరి."

"నాకు పాట రాదు. ఇది కాదని తెలుస్తాది, అంతే."

నేను ఫోనులో రికార్డు నొక్కి, గడ్డి మీద పెట్టాను. మేనత్త మళ్ళీ పాడింది. నాన్న మళ్ళీ "కాదు" అన్నాడు. ఆమె తిట్టింది. ఆయన చేత్తో గాలిలో ఎత్తూ పల్లమూ చూపించాడు. అలా ఎన్నిసార్లో జరిగింది. ఒక చరణం కొంచెం దగ్గరికి వచ్చింది. చివరి పాదానికి వచ్చేసరికి మేనత్త మామూలుగానే ముగించేసింది. నాన్న లేచి నిలబడ్డాడు. ఆ దసరా తరువాత ఆయన గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

"కాదే! అక్కడ గొంతెత్తాల. సాగాల. ఇక్కడికి ఇనబడాల." ఆయన కాలితో గట్టును తట్టి చూపించాడు. "ఇక్కడికి!"

"అందరూ అక్కడ ముగించేస్తారు. నీకెవలు సెప్పినారు సాగాలని?"

"ఎవలూ సెప్పనేదు. నాకు తెలుసు."

అప్పుడు నేను చెప్పాను. దాచడానికి ఇక ఏ కారణమూ మిగల్లేదు. అరుగు మీద నాయనమ్మ చుట్ట పక్కన పెట్టి చెప్పిన మాటలు, నాకు గుర్తున్నంతవరకు, ఆమె చెప్పినట్టే చెప్పాను: తుమ్మకొమ్మ, చీర ఉయ్యాల, వెనక్కి వెనక్కి నడవడం, ఏడిస్తే వెళ్ళనివ్వరని గొంతెత్తడం. "ఇనబడిందో నేదో, ఊరుకునీవోడు" అన్న మాట దాకా వచ్చి ఆగిపోయాను. సిగ్గుపడతాడన్న మాట మాత్రం చెప్పలేదు. మేనత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాన్న మడివైపు తిరిగాడు. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు అప్పటికి చాలా దూరం వెళ్ళిపోయారు.

"అయితే," అన్నాడు చివరికి, "నాకు ఇనబడినట్టే గదమ్మా."

ఆ ఫైలు ఇప్పుడు నా దగ్గరుంది. దాన్ని ఎన్నిచోట్ల దాచానో నాకే సరిగా గుర్తులేదు. నా పద్ధతి ప్రకారం దానికి పాట మొదటి పాదం, చోటు, నెల రాసి పేరు పెట్టాలి. కానీ 'గట్టు' అని మాత్రమే పెట్టి ఊరుకున్నాను. అందులో నాయనమ్మ లేదు. మేనత్త తప్పుగా పాడడం, నాన్న కాదనడం, మధ్యలో గాలి, మేస్త్రి దగ్గు ఉన్నాయి. పోయిన గొంతుకు అది సాటి రాదు. రాదని తెలిసే వింటాను. వింటే ఇప్పటికీ కొన్నిసార్లు పాత కోపం కదులుతుంది. ఒక్క ప్రతి ఉండి ఉంటే, ఒక్క గంట ముందు ఆటో దొరికి ఉంటే అని మనసు తిరుగుతుంది. నాన్న మాత్రం ఇప్పుడు నా గ్లాసు అడగకుండానే తీస్తాడు. చెడిపోయిన ఆ పెట్టెకు ప్రతి దసరాకూ బొట్టు పెడతాడు. నీళ్ళు తగలనివ్వడు, పొడి కుంకుమ, పొడి పసుపు, అంతే. దాని అంచుల్లో ఆనాటి చింతపండు మరక ఇంకా ఉంది.

రేపు ఇంటికి వెళ్తున్నాను. నాట్లు వేసేవాళ్ళు గట్టుకు వీపు పెట్టరని, ముఖం ఇటే పెట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తారని చిన్నప్పటినుంచి తెలిసినా, దాని గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. కాలం మనవాళ్ళను దూరం చేసే తీరు కూడా అదేనేమో. మనల్ని చూస్తూనే అడుగడుగూ వెనక్కి వెళ్ళిపోతారు, పాట చివర ఒక్కసారి గొంతెత్తుతారు, అది గట్టు దాకా రావడానికి ఒక్కోసారి ఒక మనిషి వయసంతా పడుతుంది.